వెదురు కాగితమైన దారి: గాజు కుప్పె నుండి మిల్లు దాకా

ఆత్మకూరు దాటి శ్రీశైలం మార్గం నల్లమల అడవిలో ప్రవేశించగానే వెదురు పొదలు కనబడతాయి. కొండవాలులలో పెరిగేది ఎక్కువగా సాధనపు వెదురు. దీని బొంగు సన్నగా, గట్టిగా, లోపల దాదాపు నిండుగా ఉంటుంది. వాగుల వెంట పెరిగేది ముళ్ళ వెదురు. దీని బొంగు లావుగా, లోపల డొల్లగా ఉండి, పొద అడుగు భాగాన్ని ముళ్ళకంప అల్లుకొని ఉంటుంది. ఈ ప్రాంతంలో వెదురు లేని ఇల్లు ఒకప్పుడు లేదు. గంపలు, చాటలు, తడికెలు, నిచ్చెనలు, పందిరి రాటలు అన్నీ దానితోనే. మేదరులకు అదే జీవనాధారం. చెంచులకు అడవిలో దొరికే నిత్యావసర వస్తువులలో అది ఒకటి.

గత శతాబ్దిలో ఈ గడ్డికి మరొక ప్రయోజనం ఏర్పడింది. (వెదురు చెట్టు కాదు, వృక్షశాస్త్రం ప్రకారం వరి, జొన్నల జాతికి చెందిన గడ్డి.) కర్నూలు పక్కన గొందిపర్ల వద్ద వెలసిన రాయలసీమ పేపర్ మిల్లు ప్రభుత్వారణ్యాల వెదురును ముడిసరుకుగా తీసుకున్నది. అంతకు ముందే ఆదిలాబాదు అడవుల వెదురుతో సిర్పూరు మిల్లు 1942లో కాగితం తీసింది. రాజమండ్రి మిల్లు 1920 దశకం నాటిది. తెలుగుదేశంలో రెండు మూడు తరాల విద్యార్థులు వ్రాసుకొన్న నోటుపుస్తకాలలో చాలా భాగం వెదురే.

వెదురుతో కాగితం చేయవచ్చునని ఈ మిల్లులు కనుక్కోలేదు. ఆ సంగతి చైనావారికి వెయ్యి సంవత్సరాలకు పూర్వమే తెలుసు. లేత వెదురును గుంటలలో నూరు రోజులు నానవేసి, సున్నంతో ఉడికించి, దంచి, చేతితో తాళ్ళు ఎత్తేవారు. ఐరోపాలో 1875లో థామస్ రౌట్లెడ్జి అనే ఆంగ్లేయ కాగితపు వ్యాపారి వెదురును గురించి ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. దానిని తాను వెదురుతో చేసిన కాగితం మీదనే అచ్చు వేయించాడు. అనగా వెదురు మంచి కాగితమవుతుందని 1875 నాటికి ఋజువయింది. కాని మన దేశంలో వెదురును ఆధారంగా చేసుకొని పెద్ద మిల్లు నడవటానికి ఇంకా సుమారు యాభై సంవత్సరాలు పట్టింది. ఆ యాభై సంవత్సరాలూ ఏమి జరిగింది? ఋజువైన విషయం పరిశ్రమ కావటానికి అంత ఆలస్యమెందుకు?

తరగతి గదిలో ఒక ప్రయోగం

దీనికి సమాధానం వెదకటానికి ముందు కాగితం ఎలా తయారవుతుందో చూడటం మంచిది. వెదురును మెత్తబరచటం బడిలో కష్టం గనుక వరిగడ్డితో చేయవచ్చు. గుప్పెడు గడ్డిని అంగుళం ముక్కలుగా కత్తిరించి, చాకలిసోడా కలిపిన నీటిలో రెండు మూడు గంటలు ఉడికించాలి. (సోడా నీరు చేతులకు, కళ్ళకు తగలకుండా ఉపాధ్యాయులు దగ్గర ఉండి చేయించాలి.) గడ్డి మెత్తబడి, నీరు కాఫీ డికాక్షను రంగుకు వస్తుంది. ఆ నీటిని వంచివేసి, గడ్డిని నాలుగైదుసార్లు కడిగి, రోట్లో నలగగొట్టి, తొట్టిలో పలుచగా కలిపి, సన్నని జల్లెడతో పైకి ఎత్తితే జల్లెడ మీద ఒక పొర నిలుస్తుంది. దానిని గుడ్డ మీద బోర్లించి, అదిమి, ఎండబెడితే ముతకదే అయినా కాగితమే.

జరిగినదేమంటే, మొక్కల శరీరంలో సెల్యులోజు అనే పదార్థం సన్నని నారలుగా ఉంటుంది. ఈ నారలను లిగ్నిన్ అనే మరొక పదార్థం జిగురువలె అంటిపెట్టుకొని ఉంటుంది. క్షారము లిగ్నిన్‌ను కరగదీస్తుంది. విడిపోయిన నారలు నీటిలో తేలి, జల్లెడ మీద అడ్డదిడ్డంగా పడి, ఎండినప్పుడు ఒకదానికొకటి పట్టుకొంటాయి. వరిగడ్డిలో లిగ్నిన్ తక్కువ గనుక చాకలిసోడా చాలింది. వెదురుకు కాస్టిక్ సోడా, దానితో కొంత సోడియం సల్ఫైడు కలిపి, మూతబిగించిన పాత్రలో 160 నుండి 170 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడి చేయవలసి ఉంటుంది. ఈ సల్ఫైడు పద్ధతిని 1879లో డాన్‌జిగ్ నగరంలో కార్ల్ డాల్ అనే రసాయనికుడు కనిపెట్టాడు. ఇట్లా ఉడికించగా నూరు కిలోల ఎండు వెదురు నుండి సుమారు 45 కిలోల గుజ్జు దిగుతుంది. తక్కినదంతా ద్రవంలో కరిగిపోతుంది.

ఈ ప్రయోగం చేసిన విద్యార్థులను ఒక ప్రశ్న అడిగి చూడవచ్చు: ఆ కాఫీరంగు నీటిని ఏమి చేశారు? తూములో పారబోశామంటారు. ప్రయోగశాలలోనూ అంతే చేస్తారు. మిల్లు అలా చేయలేదు. వెదురు కథలో చిక్కు అంతా ఇలాంటి చోట్లనే ఉన్నది.

కణుపులు

మొదటి చిక్కు అడవిలోనే ఎదురైంది. రౌట్లెడ్జి కాగితం తీసింది లేత పిలకల నుండి. లేతవి త్వరగా ఉడుకుతాయి, లిగ్నిన్ తక్కువ, యంత్రాలకు శ్రమ లేదు. ప్రయోగశాలకు కావలసింది ఒక కట్టెడు పిలకలు. వాటిని ఎవరైనా తెచ్చి ఇస్తారు. కాని వెదురు పొద ఆహారం కూడబెట్టుకొనేది ఆ ఏటి పిలకలు ఎదిగి ఆకు తొడిగినప్పుడే. ఏటేటా పిలకలనే కోస్తే రెండు మూడేళ్ళలో పొద చస్తుంది. పండ్ల కోసం చెట్టునే నరికినట్లయింది. అందుచేత ముదురు బొంగులనే వాడాలని తేలిపోయింది. అంతటితో ఋజువైన పద్ధతి పనికిరాకుండా పోయింది. పరిశోధన మళ్ళీ మొదటికి వచ్చింది.

ముదురు బొంగులో కణుపులు రాయివలె ఉంటాయి. కణుపుకూ కణుపుకూ మధ్యనున్న భాగం ఉడికేసరికి కణుపు సగమే ఉడుకుతుంది. కణుపు ఉడికేదాకా ఆగితే మిగిలిన భాగం నార చెడిపోతుంది. ఇరవయ్యవ శతాబ్ది మొదట్లో బర్మా వెదురును పరీక్షించిన సిండాల్ అనే నిపుణుడు కణుపులను కోసి పారవేయమన్నాడు. ప్రయోగశాలలో ఒక మనిషి రంపంతో కూర్చొని ఈ పని చేయగలడు. మిల్లులో రోజుకు వేలాది బొంగులకు కణుపులు కోయాలంటే, ఒక్కొక్క బొంగుకు ఎన్ని కణుపులున్నాయో లెక్కపెట్టుకొన్నవారికి ఆ సలహా విలువ ఎంతో తెలుస్తుంది.

డెహ్రాడూనులో 1906లో అటవీ పరిశోధనా సంస్థ ఏర్పడింది. అక్కడ సెల్యులోజు నిపుణుడుగా పనిచేసిన విలియం రైట్ ఈ తగవును చాలావరకు తీర్చాడు. ఆయన కణుపులో ఏ రసాయనిక ప్రత్యేకత ఉన్నదని గాక, ద్రవం దానిలోకి ఎందుకు పోవటంలేదని ప్రశ్నించుకొన్నాడు. వెదురు ముక్కలో గాలి చిక్కుకొని ఉంటుంది; ఆ గాలి పోనిదే క్షారజలం లోపలికి పోదు. కోయటానికి బదులు బొంగును బరువైన ఇనుప రోలర్ల మధ్య చెరకువలె నలిపితే, కణుపు పగిలి, గాలి పోయి, అన్ని భాగాలూ ఒకే కాలంలో ఉడుకుతాయి. ఆయన 1912లో ప్రకటించిన నివేదిక వెదురు కాగితానికి పునాదిరాయి అయింది.

రైట్ గమనించిన మరొక సంగతి ఇంకా ముఖ్యమైనది. వెదురులో లిగ్నిన్‌తోపాటు గంజిపదార్థం, పెక్టిను కూడా ఉన్నాయి. అన్నిటినీ ఒక్కసారే ఘాటైన క్షారంలో ఉడికిస్తే, గంజిపదార్థం ముందుగా చెడిపోయి ముదురు రంగుగా మారి నారకు అద్దకంవలె పట్టుకొంటుంది. తరువాత దానిని తెల్లబరచటానికి బ్లీచింగ్ పౌడరు విపరీతంగా ఖర్చవుతుంది. అందుకని ఆయన వంటను రెండు భాగాలు చేశాడు. మొదట తక్కువ వేడిలో, ఒకసారి వాడిన పలుచని ద్రవంతో గంజిపదార్థాన్ని తీసివేయటం. తరువాత ఎక్కువ వేడిలో తాజా క్షారంతో లిగ్నిన్‌ను తీసివేయటం. ఇందులో విశేషమేమంటే, ప్రయోగశాలలో నాణ్యం చూసేవారికి రెండు పద్ధతులకూ పెద్ద తేడా కనబడకపోవచ్చు. బ్లీచింగ్ పౌడరు కొనేవాడికే ఆ తేడా తెలుస్తుంది. ఖర్చు కూడా కొలవవలసిన రాశియే అని గ్రహించిన శాస్త్రజ్ఞులు ఆ రోజులలో ఎక్కువమంది లేరు.

నలుగురికి వంట, నాలుగు వందలమందికి వంట

ఇంట్లో నలుగురికి చక్కగా అన్నం వండగలవారు పెళ్ళిలో నాలుగు వందలమందికి వండవలసి వస్తే నూరురెట్లు పెద్ద కుండ పెట్టి, నూరురెట్లు పెద్ద మంట వేయరు. గాడిపొయ్యి తవ్వుతారు, అనేక గుండిగలు ఎక్కిస్తారు, తెడ్డుతో కలుపుతూ ఉంటారు. ఒకే పెద్ద పాత్రలో వండితే అడుగు మాడి పైన పలుకు మిగులుతుందని వంటవారికి అనుభవంచేత తెలుసు. దీని వెనుకనున్న లెక్క పదవ తరగతి విద్యార్థి వేయగలడు.

ప్రయోగశాలలో వెదురు ఉడికించే ఉక్కుపాత్ర 20 సెంటీమీటర్ల అడ్డకొలత, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నదనుకోండి. దానిలో సుమారు తొమ్మిదిన్నర లీటర్లు పడుతుంది. అన్ని కొలతలూ పదిరెట్లు పెంచితే, 2 మీటర్ల అడ్డకొలత, 3 మీటర్ల ఎత్తు అవుతుంది. ఇప్పుడు దాని గోడల వైశాల్యం నూరురెట్లే పెరిగింది, కాని లోపలి ఘనపరిమాణం వేయిరెట్లు పెరిగింది. వేడి లోపలికి పోయేది గోడల గుండానే అయితే, ఒక్కొక్క లీటరుకు వచ్చే గోడ భాగం పదవవంతుకు పడిపోయిందన్నమాట. పైగా గోడ నుండి మధ్యకు దూరం పది సెంటీమీటర్లకు బదులు ఒక మీటరు. చిన్నపాత్రలో ముప్పావుగంటలో అంతటా సమానంగా పాకిన వేడి, పెద్దపాత్రలో గంటలు గడిచినా మధ్యకు చేరదు. గోడవైపు ముక్కలు మెత్తటి పిండిగా చెడిపోతుంటే మధ్యవి ఇంకా కట్టెలుగానే ఉంటాయి.

మిల్లులో వాడే జీర్ణపాత్రలు ఇంతకంటె ఎన్నోరెట్లు పెద్దవి. కాబట్టి వాటిని బయటినుండి కాచరు. లోపలి క్షారజలాన్ని పంపుతో బయటికి లాగి, ఆవిరితో వేడెక్కిన గొట్టాల గుండా పంపి, మళ్ళీ పైనుండి వెదురు ముక్కల మీద పోస్తూ ఉంటారు. ఆవిరిని నేరుగా లోపలికి వదిలితే పని సులభమే, కాని ఆవిరి నీరై క్షారాన్ని పలుచబరుస్తుంది. ఆ నీటిని తరువాత మళ్ళీ ఇగర్చవలసి వస్తుంది. ద్రవం బాగా తిరగాలంటే ముక్కలు ఒకే పరిమాణంలో ఉండాలి. పొట్టు ఎక్కువైతే దారులు మూసుకుపోతాయి. కావున జీర్ణపాత్ర సంగతి చివరకు ముక్కలు చేసే కత్తి పదును దగ్గరకు వచ్చి నిలుస్తుంది. ఇవేవీ గాజుపాత్రలో కనబడే సమస్యలు కావు. పాత్ర పెరగటం వల్లనే పుట్టుకొచ్చిన సమస్యలు.

అందుచేత ప్రయోగశాలకూ మిల్లుకూ మధ్య పైలట్ ప్లాంటు అనే మధ్యరకపు కర్మాగారం ఒకటి కావాలి. డెహ్రాడూను సంస్థలో 1920 దశకంలో అట్టిది నెలకొల్పారు. దానిలో తయారయ్యే కాగితం అమ్మకానికి కాదు. దాని పని తప్పులు కనిపెట్టటం, అవి చవుకగా ఉన్నప్పుడే. ఇట్టి కర్మాగారానికి డబ్బు పెట్టేవారు దొరకటం ఎప్పుడూ కష్టమే. శాస్త్రజ్ఞుడికి వ్యాసం ప్రకటించటంతో పని అయిపోయినట్లు అనిపిస్తుంది. పెట్టుబడిదారుకు పని ఇంకా మొదలుకానట్లు అనిపిస్తుంది.

వెదురు విషయంలో ఆ ఖాళీని ప్రభుత్వ శాసనం కొంత పూరించింది. 1925లో వెదురు కాగితపు పరిశ్రమ రక్షణ శాసనం వచ్చింది. దిగుమతి అయ్యే అచ్చుకాగితం, వ్రాతకాగితం మీద పౌనుకు ఒక అణా చొప్పున సుంకం విధించి, దేశంలో వెదురు పద్ధతి నిలదొక్కుకోవటానికి ఏడు సంవత్సరాల గడువు ఇచ్చారు. అయితే రక్షణ పొందిన మిల్లులు ఏమి చేశాయి? వెదురుతో తంటాలు పడటానికి బదులు విదేశాలనుండి కొయ్యగుజ్జు తెప్పించుకొని కాగితం చేయటం ఎక్కువ చేశాయి. కాగితం మీద సుంకం ఉన్నది గాని గుజ్జు మీద లేదు మరి! 1932లో శాసనాన్ని పొడిగించినప్పుడు గుజ్జు మీద కూడ సుంకం వేయవలసి వచ్చింది. వెదురు వాడకం ఊపందుకొన్నది ఆ తరువాతనే.

నల్లని ద్రవం, అందులోని ఇసుక

ఇప్పుడు తూములో పారబోసిన కాఫీరంగు నీటి సంగతి. మిల్లులో దీనిని నల్లద్రవం అంటారు. ఒక టన్ను గుజ్జుకు సుమారు నాలుగైదు వందల కిలోల క్షారం అవసరం. ఆ క్షారమంతా, దానితోపాటు వెదురులో కరిగిన సగానికి పైగా పదార్థమూ ఈ ద్రవంలోనే ఉన్నాయి. పారబోస్తే రెండు నష్టాలు: మిల్లు దివాలా తీస్తుంది, నది చస్తుంది. అందుచేత నల్లద్రవాన్ని ఇగర్చి, పాకంవలె చిక్కబరచి, కొలిమిలో మండిస్తారు. లిగ్నిన్ కట్టెవలె మండి ఆవిరి పుట్టించటానికి పనికివస్తుంది. అడుగున కరిగిన సోడా మిగులుతుంది. దానిని నీటిలో కలిపి సున్నంతో చర్య జరిపితే మళ్ళీ కాస్టిక్ సోడా వస్తుంది. సున్నం సున్నపురాయి ముద్దగా మారి కిందికి దిగుతుంది. కొయ్యను వాడే దేశాలలో ఆ ముద్దను కాల్చి మళ్ళీ సున్నం చేసుకొంటారు. ఇట్లా నూటికి 90 పాళ్లకు పైగా రసాయనిక ద్రవ్యాలు తిరిగి చేతికి వస్తాయి. ఈ చక్రం తిరగనిదే నేటి కాగితపు మిల్లు ఒక్క సంవత్సరం కూడ నడవదు.

మన వెదురు మిల్లులు ఈ చక్రాన్ని చల్లని దేశాల కొయ్యమిల్లుల నుండి తెచ్చుకొన్నాయి. అక్కడ ఎదురుకాని శత్రువు ఇక్కడ ఎదురైంది. అది సిలికా, అనగా ఇసుకలోని ముఖ్య పదార్థం. వెదురు గడ్డిజాతిది గనుక నేల నుండి సిలికాను పీల్చుకొని తన ఒంట్లో దాచుకొంటుంది. వరిగడ్డి చేతిని కోసేదీ, వెదురు పేడు చర్మాన్ని చీరేదీ కొంత దీనివల్లనే. వెదురులో ఇది నూటికి సుమారు రెండు పాళ్లు. ప్రయోగశాలలో అరకిలో వెదురు ఉడికిస్తే పది గ్రాముల సిలికా; చెంచాడు. ఎవరికీ పట్టదు. రోజుకు 100 టన్నుల గుజ్జు తీసే మిల్లులో 220 టన్నులకు పైగా వెదురు పడుతుంది, అంటే రోజుకు నాలుగు టన్నులకు మించిన సిలికా. దానిలో చాలాభాగం ఘాటైన క్షారంలో కరిగి నల్లద్రవంలోకి పోతుంది. ద్రవాన్ని ఇగర్చేటప్పుడు గొట్టాల లోపల గాజువంటి పొరగా గడ్డకడుతుంది. కాఫీ కాచే గిన్నెకు ఉప్పునీటి చౌడు పట్టినట్లే, కాని ఈ పొర ఆమ్లాలకు సులభంగా లొంగదు. దానిని గీకటానికి మిల్లును ఆపవలసి వస్తుంది. సున్నపు ముద్దలో చేరిన సిలికా వల్ల ఆ ముద్దను తిరిగి కాల్చినా మంచి సున్నం రాదు. కావున వెదురు మిల్లులు ఆ ముద్దను గుట్టలుగా పోసి, కొత్త సున్నం కొనుక్కొంటూ వచ్చాయి.

నల్లద్రవంలోకి పొగగొట్టపు వాయువులోని కార్బన్ డయాక్సైడును మోతాదుగా పంపితే, క్షారగుణం కొంచెం తగ్గి సిలికా ముందుగా విడిపోతుంది. ఇంకొంచెం ఎక్కువ పంపితే లిగ్నిన్ కూడ విడిపడి అంతా బంకబంకగా అవుతుంది. ఆ రెండింటి మధ్యనున్న సన్నని గీత మీద నిలబడి పని చేయాలి. బీకరులో ఇది పావుగంట ప్రయోగం. రాత్రింబగళ్ళు మారే ద్రవంతో, మారే వెదురుతో, ఏడాది పొడుగునా చేయవలసి వచ్చేసరికి వేరే విద్య అవుతుంది. కేరళలో ఇందుకోసం 1980 దశకంలో ఒక పైలట్ ప్లాంటు నడిపి చూశారు.

పైలట్ ప్లాంటులో రోజుల తరబడి యంత్రాన్ని ఆపకుండా నడపటానికి కారణం కూడ ఇదే. ప్రయోగశాలలో ప్రతిసారీ సీసాలోని తాజా రసాయనం, పంపులోని తాజా నీరు. మిల్లులో తిరిగేది నిన్నటి క్షారమే, మొన్నటి నీరే. ప్రతి చుట్టులోను పట్టించుకోదగని కొంచెం మాలిన్యం మిగిలితే, నూరు చుట్లు తిరిగేసరికి అదే ముఖ్య పదార్థమై కూర్చుంటుంది. మొదటి చుట్టు చూసి తృప్తిపడినవారికి నూరవ చుట్టు గురించి ఏమీ తెలియదు.

నీటి లెక్క రాయలసీమకు మరీ ముఖ్యం. వెనుకటి మిల్లులు టన్ను కాగితానికి సుమారు 200 ఘనమీటర్ల నీరు వాడేవి. రోజుకు 100 టన్నులంటే రెండు కోట్ల లీటర్లు. మనిషికి నూరు లీటర్ల చొప్పున రెండు లక్షలమందికి సరిపోయే నీరు. వేసవిలో తుంగభద్ర ఇసుక తేలే సీమలో ఈ అంకె ఎంత బరువైనదో చెప్పనవసరం లేదు. తరువాతి కాలంలో నీటిని శుభ్రపరచి మళ్ళీ వాడటం నేర్చుకొన్న మిల్లులు ఈ వాడకాన్ని చాలా తగ్గించాయి.

అడవి కొలతకు అందింది ఎంత?

జీర్ణపాత్ర, కొలిమి, నది తరువాత మిగిలింది అడవి. వెదురు మోపు ప్రయోగశాలకు వచ్చేసరికి ఒక్క జాతిది, ఒక్క వయసుది, ఏరి తెచ్చినది. మిల్లు గేటు దగ్గరకు వచ్చేది లేతా ముదురూ, పచ్చిదీ పుచ్చుదీ కలిసిన లారీ. వానకాలంలో అడవి దారులు మూసుకుపోతాయి గనుక మిల్లు నెలల తరబడి సరిపోయే వెదురును ముందే కొని నిలవ చేసుకోవాలి. నిలవ ఉన్న వెదురులోని గంజి కోసం పుచ్చుపురుగు చేరుతుంది. రైట్ తన పాత్రలో తీసివేసిన ఆ గంజిపదార్థమే ఇక్కడ పురుగుకు ఆహారం!

సాధనపు వెదురు టన్నుకు మూడు నాలుగు వందల బొంగులు అవసరమని లెక్క. రోజుకు 250 టన్నులు కావలసిన మిల్లుకు డెబ్బై అయిదు వేలకు తక్కువకాకుండా బొంగులు కావాలి. ఎకరా అడవికి సగటున ఏటా అర టన్ను వెదురు దిగుతుందనుకొంటే, 300 రోజుల పనికి లక్షన్నర ఎకరాలు, అనగా సుమారు 600 చదరపు కిలోమీటర్ల అడవి ఒక్క మిల్లుకే కావాలి. ఈ లెక్కలో తప్పు దొర్లేది అర టన్ను దగ్గర. అది పావు టన్నే అయితే అడవి రెట్టింపు కావాలి. జీర్ణపాత్రలో ఉష్ణోగ్రతను ఒక డిగ్రీకి సరిగా కొలిచిన పరిశ్రమ, అడవిలో ఎంత వెదురున్నదో మాత్రం కంటితో అంచనా వేసింది.

కర్ణాటకలో ఇది బట్టబయలయింది. 1970 దశకం ద్వితీయార్ధంలో మాధవ్ గాడ్గిల్, ఆయన సహచరులు ఉత్తర కన్నడ అడవులలో పొదలు లెక్కపెట్టి చూశారు. మిల్లు పెట్టినప్పుడు వేసిన అంచనా అసలు కంటె ఎన్నోరెట్లు ఎక్కువని తేలింది. మిల్లుకు టన్ను వెదురు ఒకటి రెండు రూపాయల నామమాత్రపు ధరకు ఇస్తుండగా, బుట్టలల్లేవారు బజారులో దానికి వందలరెట్లు ధర ఇచ్చి కొనుక్కొంటున్నారు. ఇంకొక సంగతి మరీ ఆశ్చర్యకరమైనది. కోతకు వీలుగా ఉంటుందనీ, కొత్త పిలకలు బాగా వస్తాయనీ మిల్లువారు, అటవీశాఖవారు ముళ్ళ వెదురు పొదల అడుగునున్న కంపను కొట్టించి శుభ్రం చేయించేవారు. ఊరివారు అది తప్పని చెబుతూ వచ్చారు. కొలిచి చూస్తే ఊరివారి మాటే నిజమయింది. కంప తీసివేసిన పొదలలో లేత పిలకలను పశువులు, అడవి జంతువులు మేసివేసి, కొత్త బొంగులు తగ్గిపోయాయి. ముల్లు పొదకు కంచె. ఆ కంచె విలువ ఏ ప్రయోగశాలలోను తేలదు, అక్కడ పశువులు లేవు గనుక.

నల్లమల కొండవాలుల సాధనపు వెదురుకు ముళ్ళు లేవు. కాబట్టి అక్కడ కోత నియమాలే కంచె: ఆ ఏటి పిలకను ముట్టకూడదు, పొదలో కొన్ని ముదురు బొంగులను తప్పక నిలపాలి, కోసిన పొద జోలికి మళ్ళీ మూడు నాలుగేళ్ళ దాకా పోకూడదు. కూలిని బొంగుల లెక్కన ఇచ్చేచోట ఈ నియమాలు ఎంతవరకు నిలుస్తాయన్నది సందేహమే. వీటికి తోడు వెదురుకు ఒక విచిత్ర స్వభావమున్నది. కొన్ని దశాబ్దాలకు ఒకసారి ఒక ప్రాంతంలోని పొదలన్నీ ఒక్కసారే పూచి, గింజ రాల్చి, చచ్చిపోతాయి. ఆ తరువాత మొలిచిన మొక్క కోతకు రావటానికి ఎనిమిది పదేళ్ళు పడుతుంది. అంతదాకా మిల్లు ఆగలేదు.

నల్లమలలో 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది. 1983లో అది పులుల సంరక్షణ పథకంలో చేరింది. ఆత్మకూరు అటవీ డివిజను దానిలోని భాగం. (2022 నుండి ఆత్మకూరు నంద్యాల జిల్లాలో ఉన్నది.) కాగితపు మిల్లులు క్రమంగా అడవి వెదురును వదిలి రైతుల పొలాలలో పండే సుబాబుల్, జామాయిల్, సరుగుడు వైపు తిరిగాయి. అందుకు మరొక ప్రయోగశాల ఫలితం తోడ్పడింది: భద్రాచలం మిల్లువారు 1980 దశకం చివర మేలైన జామాయిల్ చెట్లను ఎంచి, వాటి కొమ్మముక్కలకు వేళ్ళు పుట్టించి, ఒకే తీరున పెరిగే మొక్కలను రైతులకు అందించటం ప్రారంభించారు.

వెదురును కూడ అట్లా పెంచలేమా అన్న ప్రశ్నకు పూనాలోని జాతీయ రసాయనశాల నుండి 1990లో ఒక అద్భుతమైన జవాబు వచ్చింది. నాడగౌడ, పరాశరామి, మస్కరెన్హాస్ అనే శాస్త్రజ్ఞులు కొబ్బరినీరు, సైటోకైనిన్ అనే వృద్ధి పదార్థం కలిపిన పోషకద్రవంలో వెదురు మొలకలను పెంచగా, దశాబ్దాలకు పూయవలసిన మొక్కలు కొన్ని నెలలలో గాజుగొట్టంలోనే పూచి గింజలిచ్చాయి. కణజాల సంవర్ధనం వల్ల ఒక మంచి పొద నుండి వేల మొక్కలు తీయటం కూడ సాధ్యమయింది. అయితే గాజుగొట్టంలో మొక్కకు ఎండలేదు, గాలిలేదు, తేమకు కొదవలేదు. దాని ఆకులకు నీరు ఆవిరికాకుండా కాపాడే మైనపుపొర సరిగా ఏర్పడదు. బయట పెడితే వాడిపోతుంది. నీడలో, తేమలో ఉంచి, మూత కొంచెం కొంచెంగా తీస్తూ, వారాల తరబడి దానిని ఎండకు అలవాటు చేయాలి. నర్సరీవారు దీనిని గట్టిపరచటం అంటారు.

2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి వెలుపల పెంచిన వెదురును చెట్ల జాబితా నుండి తొలగించారు. రైతు దానిని కోసి అమ్ముకోవటానికి అటవీ చట్టం ప్రకారం ఉన్న ఆటంకం అప్పటితో తీరింది. అస్సాంలో నుమాలిగఢ్ వద్ద వెదురు నుండి ఇథనాల్ తీసే కర్మాగారం 2025లో ప్రారంభమైంది. దానికి ఏటా లక్షల టన్నుల పచ్చి వెదురు కావాలి. కణుపుల గట్టితనం, ఒంట్లోని సిలికా, వానకాలపు దారులు ఆ వెదురుకూ ఉన్నాయి. ఎన్ని ఎకరాలలో ఎన్ని టన్నులు దిగుతుందన్న లెక్క మాత్రం ఈసారి రైతుల పొలాలలో తేలవలసి ఉన్నది.